నారాయణగూడలో ఒక అన్నయ్య వుండేవారు

నారాయణగూడ అనగానే ఈనాటి కుర్రవాళ్ళకు ఫ్లైఓవరు, మెట్రో స్టేషను, కోచింగ్ సెంటర్లు గుర్తుకు వస్తాయి. అరవై ఐదు దాటిన వారిని అడిగి చూడండి. వారిలో కొందరికైనా బాలానంద సంఘం గుర్తుకు వస్తుంది. ఆ వెంటనే ఒక గొంతు చెవిలో మెదులుతుంది. అది కీర్తిశేషులు న్యాయపతి రాఘవరావు గారి గొంతు. పేరు చెబితే ఎవరాయన అని అడిగేవారు సైతం రేడియో అన్నయ్య అంటే చప్పున గుర్తుపడతారు. ఆయన కన్నుమూసి 2024 ఫిబ్రవరి 24 నాటికి నలభై ఏళ్ళు నిండాయి.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దలు నడుం వాల్చే వేళ పిల్లలు మాత్రం రేడియో చుట్టూ చేరే రోజులవి. అప్పటి రేడియో ఇప్పటి ఫోనులా జేబులో ఇమిడేది కాదు. గోడ గూటిలోనో, ఎత్తు బల్ల మీదనో కుట్టుపని చేసిన గుడ్డ కప్పుకుని కూచునేది. స్విచ్చి వేశాక వాల్వులు వేడెక్కి గొంతు రావడానికి కొంతసేపు పట్టేది. దానికి ఏటేటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుం కట్టాలి. అందరిళ్ళలో వుండేది కాదు గనుక వీధి పిల్లలంతా రేడియో వున్న ఇంటి వరండాకు చేరవలసిందే. బాలానందం మొదలయ్యే వేళకు మా వీధిలో ఒక ఇంటి అరుగు నిండిపోయేది. చోటు దొరకనివారు కిటికీ ఊచలు పట్టుకుని వేలాడేవారు.

ఇంతకూ ఆయన అన్నయ్య ఎందుకయ్యారు? పిల్లలకు కథ చెప్పే పెద్దమనిషి మామయ్యో, తాతయ్యో, మాస్టారో కావడం లోకంలో వాడుక. మాస్టారు పాఠం అడుగుతారు. తాతయ్య నీతి చెబుతాడు. అన్నయ్య పెద్దవాడే గాని మన జట్టులోవాడు. అమ్మ కోప్పడితే వెనకేసుకు వచ్చేవాడు. ఆ ఒక్క పిలుపుతో రాఘవరావు గారు తాను కూచునే చోటు నిర్ణయించుకున్నారు. పిల్లలకు ఎదురుగా కాదు, పక్కన.

ఆయన సతీమణి శ్రీమతి కామేశ్వరి గారు రేడియో అక్కయ్య. వరసలు లెక్కపెట్టుకునే మనవాళ్ళకు ఇదొక చిక్కు. అన్నయ్య భార్య వదిన అవుతుంది గాని అక్క ఎలా అవుతుంది? అక్క భర్త బావ కావాలి గదా, అన్న ఎలా అవుతాడు? పిల్లలకు మాత్రం ఈ చిక్కు ఎన్నడూ అడ్డు రాలేదు. ఆయన తమకు అన్న, ఆవిడ తమకు అక్క, అంతే. ఆలోచిస్తే ఇందులో ఒక పెద్ద సంగతి వుంది. ఆవిడ ఆయన ద్వారా చుట్టమైన మనిషి కాదు. పిల్లలకు నేరుగా చుట్టం. ఆ కార్యక్రమంలో ఆవిడ పాలు కూడా అలాంటిదే. ఆ మాట ముందు ముందు వస్తుంది.

రాఘవరావు గారు 1905 ఏప్రిల్ 13న బరంపురంలో జన్మించారు. అప్పుడది మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో వుండేది. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు ఆ పట్టణం అటు వెళ్ళింది. రాష్ట్రపతి పదవి నధిష్ఠించిన వి.వి. గిరి గారిదీ ఆ వూరే. తెలుగు, ఒరియా రెండూ వీధిలో వినిపించే వూరు. ఇంట్లో ఒక భాష, బజారులో మరొక భాష వింటూ పెరిగినవారికి మాట తీరు మీద చెవి పదునెక్కుతుందని ఈ వ్యాసకర్త నమ్మకం. ఆయన తరువాత జీవితమంతా చేసినది చెవితో చేసే పని గనుక ఈ ముచ్చట చెప్పవలసి వచ్చింది. చదువు ముగిశాక పత్రికారంగంలో పనిచేసి, అక్కడి నుంచి రేడియోకు వచ్చారు.

రేడియో అప్పటికి మన దేశంలో పసిబిడ్డ. మద్రాసులో 1924లో కొందరు ఉత్సాహవంతులు ఒక రేడియో క్లబ్బు పెట్టి ప్రసారాలు మొదలుపెట్టారు. డబ్బు చాలక అది మూతపడింది. 1930లో మద్రాసు కార్పొరేషన్ వారు ఆ పని తలకెత్తుకున్నారు. చివరికి 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం ఎగ్మూరులో మార్షల్స్ రోడ్డు మీది భవనంలో ప్రారంభమైంది. తెలుగు జిల్లాలకు అప్పటికి సొంత కేంద్రం లేదు. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న గాని రాలేదు. హైదరాబాదులో నిజాం ప్రభుత్వం వారి దక్కన్ రేడియో వున్నా అందులో పెద్దపీట ఉర్దూది. అందుచేత తెలుగువారికి మద్రాసు కేంద్రమే దిక్కు. ఆ కేంద్రమైనా పూర్తిగా మనది కాదు. అరవవారితో పంచుకోవాలి. వార్తలు, సంగీత కచేరీలు, ప్రసంగాలు, నాటకాలు అన్నీ పోగా తెలుగు పిల్లలకు మిగిలే సమయం కొద్దిపాటిదే. ఆ కొద్దిపాటి సమయాన్ని పట్టుకుని రాఘవరావు దంపతులు ఒక రాజ్యం కట్టారు.

వారి పద్ధతి ఒక్క ముక్కలో చెప్పాలంటే మైకును పిల్లలకు ఇచ్చేశారు. ఇప్పుడు వింటే ఇదేమంత గొప్ప అనిపించవచ్చు. ఆ రోజుల్లో పిల్లల కార్యక్రమమంటే ఒక పెద్దాయన గొంతు సవరించుకుని పిల్లలకు హితబోధ చేయడమే తేలిక పని. ఖర్చు లేదు, తంటా లేదు. ఆయన మంచి మాటకారి, మంచి రచయిత. పాటలు, నాటికలు రాయగల చేయి. తానే మాట్లాడుతూ కూచుంటే కాదనేవారు లేరు. అయినా పాట పిల్లలే పాడాలి, కథ పిల్లలే చెప్పాలి, నాటికలో రాజూ మంత్రీ కూడా పిల్లలే కావాలని పట్టుపట్టారు. అన్నయ్య, అక్కయ్య మధ్యలో వచ్చేవారు, ఒక మాట అందించేవారు, మళ్ళీ పక్కకు తప్పుకునేవారు.

ఇది ఎంత కష్టమో స్టూడియో గది ఎరిగిన వారికి తెలుస్తుంది. టేపు యంత్రాలు మన కేంద్రాలకు ఇంకా అలవాటు కాని రోజులవి. చెప్పింది చెప్పినట్టు, పాడింది పాడినట్టు ఆ క్షణానే గాలిలోకి వెళ్ళిపోయేది. తప్పు వస్తే చెరిపి మళ్ళీ పట్టే వీలు లేదు. ఎర్రదీపం వెలిగిందంటే గదిలో ఎవరు తుమ్మినా రాష్ట్రమంతా వింటుంది. చేతిలో కాగితం కదిపితే అవతల గాలివాన వచ్చినట్టు వినిపిస్తుంది. గట్టి గొంతు కుర్రవాణ్ణి మైకుకు నాలుగడుగుల దూరంలో, సన్న గొంతు పిల్లను దగ్గరలో నిలబెట్టాలి. పొట్టివాడికి కాళ్ళ కింద ఎత్తు పెట్టాలి. వరస తప్పకుండా ఒకరి తరువాత ఒకరిని చప్పుడు లేకుండా ముందుకు తేవాలి. దాహం వేసేవాడు ఒకడు, నవ్వు ఆపుకోలేనిది ఒకతె. పెద్దలతో నాటకం వేయించడమే తలనొప్పి అయిన చోట పిల్లల గుంపుతో గడియారం ముల్లు ప్రకారం కార్యక్రమం నడపడం మామూలు సంగతి కాదు. ఒక పిల్ల మాట మరిచి బిక్కమొగం వేస్తే ఆ సందు బయటికి తెలియకుండా పూడ్చడానికి పక్కన ఎవరో చల్లగా నిలబడి వుండాలి. అన్నయ్య గొంతుకు అసలు పని అక్కడ. వినేవారికి అది కబుర్లలా వినిపించేది.

1940లో ఈ దంపతులు మద్రాసులోనే ఆంధ్ర బాలానంద సంఘం స్థాపించారు. ప్రసారం ముగిసి ఎర్రదీపం ఆరిపోగానే పిల్లల పని అయిపోకూడదు గదా. వారం పొడుగునా కలుసుకోవడానికి, పాట నేర్చుకోవడానికి, ఆడుకోవడానికి వారికొక తావు కావాలి. ఆ తరువాత రెండేళ్ళకే యుద్ధం మద్రాసు గుమ్మంలోకి వచ్చింది. 1942 ఏప్రిల్‌లో జపాను వారు బాంబులు వేస్తారనే భయంతో నగరంలో చాలా భాగం ఖాళీ అయింది. జనం పెట్టే బేడా సర్దుకుని రైళ్ళెక్కి పల్లెలకు వెళ్ళిపోయారు. కాగితానికి కరువు, అన్నిటికీ రేషను. పిల్లల పత్రిక పెట్టాలన్న ఆలోచన ఎవరికైనా వుంటే మానుకోవలసిన కాలం.

యుద్ధం ముగిసిన నెలలోనే, అంటే 1945 ఆగస్టులో, రేడియో అన్నయ్య, అక్కయ్య 'బాల' మాసపత్రిక ప్రారంభించారు. 'చందమామ' రావడానికి ఇంకా రెండేళ్ళ వ్యవధి వుంది. అది 1947 జులైలో వచ్చింది. రేడియోలో అమలుచేసిన పద్ధతినే అన్నయ్య అచ్చులోనూ పాటించారు. పిల్లల కోసం పెద్దలు రాసినవి వుండేవి, దానితోపాటు పిల్లలు రాసినవీ, గీసినవీ వుండేవి. లటుకు చిటుకు శీర్షిక కోసం పిల్లలు కాచుకుని వుండేవారు. చిన్నవాళ్ళు పంపిన కథను పెద్దవాళ్ళ కథ పక్కన వేయడానికి సంపాదకుడికి గుండె ధైర్యం వుండాలి. దాని ఫలితం ఏమిటో తెలుగువారికందరికీ తెలుసు, ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం చాలామందికి తెలియదు. ముళ్ళపూడి వెంకటరమణ గారి మొదటి కథ 'అమ్మ మాట వినకపోతే' అచ్చయింది 'బాల'లోనే. బాపు గారి బొమ్మలు తొలిసారి అచ్చులో కనిపించినదీ 'బాల'లోనే. 1945లో రమణ గారికి పద్నాలుగేళ్ళు. బాపు గారికి పన్నెండో ఏడు. తరువాత వారు కలిసి రాసిన, గీసిన, తీసిన వాటి గురించి ఇక్కడ చెప్పనక్కరలేదు. ఆ ఇద్దరు కుర్రవాళ్ళ కాగితాలను చిన్నపిల్లల చేష్ట అని పక్కన పడవేయని సంపాదకుడు ఒకరున్నారు, అది మాత్రం చెప్పాలి.

'చందమామ'తో పోల్చి 'బాల'ను ఆకాశానికెత్తడం ఈ వ్యాసకర్త ఉద్దేశం కాదు. 'చందమామ' చదవకుండా పెరిగిన తెలుగు పిల్లలు ఆ తరంలో అరుదు. దాని అందం దానిది. అయితే దాని వెనుక పెద్ద ముద్రణాలయం, పెద్ద యాజమాన్యం వున్నాయి. 'బాల' వెనుక వున్నది ముఖ్యంగా ఇద్దరు మనుషులు. పద్నాలుగేళ్ళ పాటు లాగి 1959లో ఆపేశారు. పిల్లల పత్రిక నడపడమంటే కన్నబిడ్డను సాకడం వంటిదని పత్రికలవారు అంటుంటారు. ఆ మాటలో ఆగిపోయినప్పటి బాధ కూడా వుంది.

కామేశ్వరి గారి సంగతి. ఆవిడ 1908లో జన్మించారు. రాఘవరావు గారి పేరు చెప్పి ఆగిపోయే వ్యాసాలు చాలా వస్తుంటాయి, ఆవిడను చివర ఒక వాక్యంలో ప్రస్తావిస్తాయి. ఇది న్యాయం కాదు. ఆ రోజుల్లో మర్యాదస్తుల ఇళ్ళలో ఆడవారు రేడియోలో మాట్లాడటమే చర్చనీయాంశం. గొంతు బయటివారికి వినిపించకూడదనే ఇళ్ళు ఎన్నో వుండేవి. అలాంటి కాలంలో ఆవిడ ఏళ్ళ తరబడి మైకు ముందు నిలబడ్డారు. పాట నేర్పడం, నాటిక తయారు చేయడం, పత్రిక పని అన్నిటిలోనూ ఆవిడది సగపాలు. తల్లులు తమ ఆడపిల్లలను స్టూడియోకు పంపడానికి జంకకపోవడానికి అక్కయ్య అక్కడ వుండటం ఒక కారణమై వుండాలి. వారిద్దరి వద్ద తయారైన పిల్లల ఆటపాటలు గ్రామఫోను రికార్డుల రూపంలోనూ వచ్చి, రేడియో అందని ఇళ్ళకు కూడా చేరాయి.

1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ అవతరించాక వారి కార్యక్షేత్రం హైదరాబాదుకు మారింది. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. మద్రాసులో పెంచిన చెట్టును వేళ్ళతో సహా పెకలించి మరొక చోట నాటే వయస్సు కాదది. దక్కన్ రేడియోను 1950లోనే ఆలిండియా రేడియో స్వీకరించింది. సుల్తాన్ బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901 నుంచి తెలుగు దీపం వెలిగిస్తూ వున్నా, రేడియోలో తెలుగు పిల్లల సందడి ఈ నగరానికి కొత్త. అన్నయ్య, అక్కయ్య నారాయణగూడలో బాలానంద సంఘాన్ని నిలబెట్టారు. రాజధానికి ఉద్యోగాల మీద వచ్చిన కుటుంబాల పిల్లలు, తరతరాలుగా ఇక్కడే వున్న కుటుంబాల పిల్లలు ఒకే పాటలో గొంతు కలిపిన చోటు అది. ఆదివారం బాలానందం ఇక్కడి నుంచీ వినిపించసాగింది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆనాటి రేడియో తెలుగు, పత్రికల తెలుగు లాగానే, కోస్తా జిల్లాల చదువుకున్న ఇళ్ళలోని మాటకు దగ్గరగా వుండేది. తెలంగాణా పల్లె పిల్లవాడు తన ఇంటి మాటను అందులో వినడం అరుదు. వింటూ నవ్వుకున్నాడు, పాటలు నేర్చుకున్నాడు, కాని ఆ పిల్లల్లో తనవంటివాడు ఎక్కడున్నాడని వెతుక్కుని వుంటాడు. ఇది ఒక్క అన్నయ్య తప్పు అనడానికి లేదు, ఆ కాలపు అచ్చుకూ రేడియోకూ అంతటికీ పట్టిన దోషం. మైకు పిల్లలకు ఇవ్వడమనే పనిలో ఇది మిగిలిపోయిన భాగం. ఆయనను అభిమానించేవారు కూడా ఈ సంగతి దాచనక్కరలేదు.

బాలానందంలో గొంతు విప్పి తరువాత పేరు తెచ్చుకున్న వారి జాబితా చదవడం ఈ పట్టణంలో సభల ఆనవాయితీ. నిజానికి ఆయన పని కొలవవలసింది ఆ జాబితాతో కాదు. వందలాది పిల్లలు ఒకసారో రెండుసార్లో స్టూడియోకు వెళ్ళారు, ఒక పద్యమో ఒక చరణమో అప్పజెప్పారు, ఇంటికి వచ్చారు. తరువాత బ్యాంకు గుమాస్తాలు, టీచర్లు, ఇల్లాళ్ళు అయ్యారు. రేడియోకు మళ్ళీ వెళ్ళలేదు. అయితే పదిమంది ముందు నోరు విప్పడానికి జంకే అలవాటు ఆ ఒక్క మధ్యాహ్నంతో వారిలో కొందరికి పోయింది. దీనికి రికార్డు లేదు, లెక్క లేదు.

1977 అక్టోబరు 23న హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైంది. వీధిలో టీవీ వున్న ఇల్లు కొత్త అరుగైంది. కిటికీ ఊచలు పట్టుకుని వేలాడే పిల్లలు ఆ ఇంటికి మారారు. 1980లో అక్కయ్య కన్నుమూశారు. నాలుగు దశాబ్దాలకు పైగా జంటగా వినిపించిన పిలుపులో ఒక సగం ఆగిపోయింది. ఆ తరువాత నాలుగేళ్ళు అన్నయ్య ఒక్కరే. 1984 ఫిబ్రవరి 24న ఆయనా వెళ్ళిపోయారు. అప్పటికి ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ఆ వయస్సు మనిషిని నగరమంతా అన్నయ్య అనే తలుచుకుంది.

అక్కయ్య అనే పిలుపు మాత్రం రేడియోలో ఖాళీగా వుండలేదు. ఆకాశవాణి హైదరాబాదు కేంద్రంలో పిల్లల కార్యక్రమాలు నడిపిన రచయిత్రి తురగా జానకీరాణి గారు తరువాతి తరానికి రేడియో అక్కయ్య అయ్యారు. ఆవిడ 2014లో మరణించారు. అన్నయ్య అనే పిలుపు మాత్రం మరొకరికి అంతగా అంటుకోలేదు.

మా కాలనీలో ఒక పెద్దావిడ వున్నారు. డెబ్బై దాటాయి. చిన్నప్పుడు బాలానందం నాటికలో పాత్ర వేశానని ఆవిడ చెప్పుకుంటారు. ఏం పాత్ర అని అడిగితే సిగ్గుపడతారు. అది పిల్లి పాత్ర. నాటిక మొత్తం మీద రెండు చోట్ల అరవాలి, అంతే. ఎర్రదీపం వెలిగిన తరువాత మొదటిసారి అరవవలసిన చోట భయంతో గొంతు పెగలలేదట. అన్నయ్య కోప్పడలేదట, నాటికలోని మాట లాగానే పిల్లి ఎక్కడికి పోయిందో అని వెతకడం మొదలుపెట్టారట. అప్పుడు గొంతు వచ్చిందట. ఈ కథ ఆవిడ మనవలకు చాలాసార్లు చెప్పారు. వాళ్ళు కథ కంటే ఆ అరుపే మళ్ళీ మళ్ళీ అడుగుతారు. ఆవిడ చుట్టూ ఒకసారి చూసుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అరిచి చూపిస్తారు.